పద్దెనిమిది వేలు

డిసెంబర్ 19, సోమవారం

ఇంకా పన్నెండు రోజులు. జనవరి ఒకటి నుంచి మన దేశపు డబ్బు కూనా ఉండదు, యూరో ఒక్కటే. వోయ్‌కో ఆఫీసు గోడకి క్యాలెండర్ తగిలించి రోజుకో గడి కొట్టేస్తున్నాడు, తనకేదో పెళ్లి కుదిరినట్టు. కంపెనీ వాడిది, పని నాది. బళ్లో ఒకే బెంచీ మీద కూర్చున్నప్పుడు కూడా లెక్కలు నేనే చేసేవాణ్ణి, వాడు చూసి రాసుకునేవాడు.

మా సైట్లో జనం పాత వస్తువులు అమ్ముకుంటారు. సోఫాల నుంచి పడవల దాకా. ఫోన్లో వాళ్ల గోడు వినే పని నెవెన్కాది. ఇవాళ మళ్లీ అదే పాట ఎత్తుకుంది.

"ఏమయ్యా క్రిషెవాన్, ధర పక్కన అది ఏ డబ్బో రాసుకునే కాలమ్ ఒకటి పెట్టమని ఎన్నేళ్లుగా మొత్తుకుంటున్నాను?"

"అవసరం లేదు."

"నా చెవులకుంది అవసరం. ఇది కూనాల్లోనా యూరోల్లోనా అని రోజుకు పదిమంది చంపుకు తింటున్నారు."

"అడిగేవాళ్లు జర్మన్లు. మనవాళ్లు అడగరు."

"అందరూ నీలా పుట్టుకతోనే సర్వజ్ఞులు కాదులే," అని ఫోనెత్తుకుంది.

కానీ నేనన్నది నిజం. మనవాళ్లు అడగరు. సోఫా నాలుగు వందలంటే కూనాలు. స్థలం నలభై వేలంటే యూరోలు. ఇల్లు, కారు, పడవ, ఇలాంటి పెద్దవన్నీ యూరోల్లోనే చెప్పుకుంటాం, చివరికి చేతికిచ్చేది కూనాలే అయినా. మా నాన్న కాలంలో అవి జర్మన్ మార్కులు. సొంత డబ్బుని పెద్ద విషయాల్లో నమ్మడం ఈ దేశంలో ఎవడికీ అలవాటు లేదు. ఎవరూ నేర్పకుండానే పిల్లలకి కూడా వచ్చేసే సంగతి ఇది. దానికి టేబుల్లో ఒక కాలమ్ ఎందుకు? ఏ విభాగంలో ఉందో చూస్తే చాలు. పడవల విభాగమంటే యూరో. కుర్చీల విభాగమంటే కూనా.

ధరని నేను పూర్ణాంకంగా దాస్తాను, లీపాల్లో, అంటే కూనాలో నూరో వంతుల్లో. దశాంశ చుక్క పెట్టి దాచేవాళ్ల సైట్లలో కంప్యూటర్ ఎక్కడో ఒకచోట ఒక లీపా మింగేస్తుంది. నా సైట్లో ఇరవై ఏళ్లలో ఒక్క లీపా పోలేదు.

రక్తపోటు చూసే డాక్టరమ్మ రోజూ ఏదో ఒకటి రాసుకోమంది. రాశాను.

డిసెంబర్ 21, బుధవారం

కింద అంతస్తులో ఉండే ఫిలొమేనా అత్త పిలిస్తే వెళ్లాను. పండక్కి ఎండుచేప నానబెట్టింది, వంటిల్లంతా కంపు.

"కూర్చోరా నాయనా. ముక్కు మూసుకుని కూర్చో. 'లాస్టా'ని అమ్మేద్దామనుకుంటున్నా."

లాస్టా యెరోలిమ్ మామ పడవ. చెక్కపడవ, ఆయన చేతులతో తారు పూసి, రంగు వేసి, ముప్పై ఏళ్లు కూతురిలా చూసుకున్నది. ఆయన పోయి రెండేళ్లయింది. అది ఫోషా రేవులో కట్టేసి ఉంది, ఈవిడ దాన్ని చూడ్డానికి కూడా వెళ్లలేదు, రెండు తుంటి ఎముకలూ అరిగిపోయాయి. వంటింట్లో పొయ్యి నుంచి బల్ల దాకా రెండు కర్రల మీద నడుస్తుంది.

"ఎంతని పెట్టను?"

"పద్దెనిమిది వేలు. ప్రైవేటు ఆస్పత్రిలో తుంటికి తొమ్మిదంటున్నారు. ఒకటే చేయించుకుంటే గుండ్రంగా తిరుగుతానేమోనని భయం, రెండూ చేయించేస్తా."

"సర్కారీ ఆస్పత్రిలో పేరు రాయించావుగా?"

"రాయించా. రెండేళ్ల తర్వాత రమ్మన్నారు. అప్పటికి నాకు కావాల్సింది తుంటి కాదమ్మా, శవపేటిక అన్నాను. ఆ పిల్ల నవ్వలేదు. ఇప్పటి పిల్లలకి హాస్యం తెలీదు."

నా లాప్‌టాప్ మీదే ఆవిడ పేరుతో ఖాతా తెరిచాను. 18000 అని కొట్టాను. రుసుము కట్టే పని కూడా లేకుండా సర్దేశాను. వద్దన్నా వినకుండా ఒక డబ్బా ఉప్పు చేపలు చేతిలో పెట్టింది.

ఆవిడకి పిల్లల్లేరు. మా అమ్మ పోయినప్పుడు నలభై రోజులు నాకు అన్నం పంపింది ఈవిడే.

డిసెంబర్ 24

అత్త ఎండుచేప కూర పంపింది. ఉప్పెక్కువైంది. మొత్తం తిన్నాను.

డిసెంబర్ 29, గురువారం

మార్పిడి ప్రోగ్రాం సిద్ధం. మొత్తం 41,612 ప్రకటనలు. పడవలు, వాహనాలు, ఇళ్లు, స్థలాలు ముట్టుకోను, అవి ఎప్పుడూ యూరోలే. మిగతా ప్రతి ధరనీ 7.5345 తో భాగించడం, సెంటుకి సర్దడం. అర సెంటు దగ్గర పైకా కిందకా అన్నదాని మీద రెండు రోజులు కూర్చున్నాను. ప్రభుత్వం చెప్పింది ఒకటి, డేటాబేస్ తనంతట తాను చేసేది ఇంకొకటి. ఎవడూ గమనించడు. నేను గమనించాను.

వోయ్‌కోకి ఇంకో ముచ్చట ఉంది. ఒకటో తేదీ నుంచి ప్రతి ప్రకటన కింద 'వెంటనే కొను' అని బటన్. ఇన్నాళ్లూ అంకె ఊరికే కనబడేది, జనం ఫోన్ చేసుకుని బేరమాడుకునేవాళ్లు. ఇక నొక్కితే చాలు, కార్డు నుంచి డబ్బు పోతుంది, ఒప్పందం కాగితం ఇద్దరికీ దానంతట అదే వెళ్తుంది. "కొత్త డబ్బుకి కొత్త బటన్ రా," అంటాడు, తనే కనిపెట్టినట్టు.

కాఫీ దగ్గర నెవెన్కా అడిగింది. "ఎవరైనా పడవని వేరే విభాగంలో పెట్టుంటే?"

"ఎందుకు పెడతారు?"

"రుసుము ఎగ్గొట్టడానికి. పడవల విభాగానికి డబ్బు కట్టాలి, రిజిస్ట్రేషన్ నంబరు అడుగుతుంది. 'ఇతర వస్తువులు' ఉచితం. నాకు తెలిసి ట్రాక్టర్లు కూడా ఉన్నాయి అందులో."

"నాలుగు వేల ప్రకటనలున్నాయి అందులో. నీకు ఓపికుంటే కూర్చుని ఏరుకో."

"నువ్వు కాలమ్ పెట్టుంటే ఏరాల్సిన పనే లేదు."

"పెట్టలేదు. అయితే ఏంటి?"

కాఫీ అలాగే వదిలేసి వెళ్లిపోయింది. ఆవిడకి ఎప్పుడూ చివరి మాట తనదే కావాలి. పాపం, ఇవాళ కుదరలేదు.

జనవరి 1, ఆదివారం

పొద్దున ఎనిమిదికి నడిపించాను. పదకొండు నిమిషాలు. ఒక్క లోపం లేదు. ఒక్కటి కూడా!

వోయ్‌కో ఫోన్ చేసి "నువ్వు బంగారం రా" అన్నాడు. జీతం పెంచుతానని మాత్రం అనలేదు.

కిందికి దిగి కాఫీ తాగాను. నిన్నటిదాకా పది కూనాలు, అంటే యూరోల్లో ఒకటీ ముప్పై మూడు. ఇవాళ ఒకటిన్నర. "ఇదేంట్రా?" అంటే "కొత్త సంవత్సరం," అన్నాడు కాఫీవాడు. లెక్కలు రానివాడే బాగుపడతాడు ఇక్కడ.

జనవరి 3, మంగళవారం

మెట్ల దగ్గర ఫిలొమేనా అత్త తలుపు తీసుకుని నిలబడి ఉంది. నా కోసమే కాచుకుని ఉంది. మొహం వెలిగిపోతోంది.

"అమ్ముడుపోయిందిరా లాస్టా! జాగ్రేబులో పళ్ల డాక్టరంట. బయానా కూడా పంపేశాడు. చూడు, కళ్లజోడు లేదు, చదువు."

ఫోన్ నా చేతికిచ్చింది. బ్యాంకు సందేశం. 2,389.01 యూరోలు.

నేను ఆ అంకెని రెండోసారి చదవాల్సిన పని లేదు. పద్దెనిమిది వేలని ఏడున్నర చిల్లరతో భాగిస్తే ఎంతో నాకు తెలుసు.

"ఎంత?" అంది.

"రెండువేల మూడొందల ఎనభై తొమ్మిది."

"బేసి అంకె పంపాడేమిట్రా?"

"పైన ఒక సెంటు కూడా ఉంది."

"ఒక సెంటా!" పడీ పడీ నవ్వింది. "జాగ్రేబు వాళ్లు బయానా కూడా తూకం వేసి ఇస్తారు కాబోలు. పర్లేదు, మిగతాది పడవ తీసుకెళ్లే రోజున ఇస్తాడు. శనివారం వస్తానన్నాడు."

నేను తలూపాను. తల ఎందుకు ఊపానో తెలీదు.

జనవరి 4

రేపు చెప్తాను.

జనవరి 5

డాక్టర్‌కి మెయిల్ రాసి కొనుగోలు రద్దు చేయొచ్చు. వోయ్‌కో ఒప్పుకోవాలి. వోయ్‌కోకి చెప్పాలంటే ముందు ఎలా జరిగిందో చెప్పాలి. రేపు.

జనవరి 6

సెలవు. ముగ్గురు రాజుల పండగ. పండగ పూట ఎందుకు.

జనవరి 7, శనివారం

బూరా, కొండల మీంచి విరుచుకుపడే చలిగాలి. ట్రెయిలర్ మీద పడవని కట్టడానికి ముగ్గురు మనుషులు చెయ్యి వేశారు. నేను నాలుగోవాణ్ణి.

డాక్టర్ ప్రెసెచ్కి చెడ్డమనిషి కాదు. అదే నన్ను ఎక్కువ కాల్చేది. మెత్తగా మాట్లాడతాడు, తోలు చేతితొడుగులు, ఆవిడకి పూలు తెచ్చాడు. ముందు వంటింట్లో కూర్చుని ఒక కాగితం మీద సంతకం పెట్టించుకున్నాడట, పడవ అప్పగించినట్టు, డబ్బు పూర్తిగా ముట్టినట్టు. కళ్లజోడు లేకుండా పెట్టేసింది. బయానాకి రసీదనుకుంది.

నేను వెళ్లేసరికి ఆయన ఆవిణ్ణి తన కారులో ఫోషాకి తీసుకొచ్చాడు, పడవని చివరిసారి చూస్తుందని. రెండేళ్ల తర్వాత చూడ్డం. కారు దిగలేకపోయింది. అద్దం దించి చూసింది.

తెడ్లు రెండూ నేనే మోసుకొచ్చి ట్రెయిలర్లో పెట్టాను. పట్టుకునే చోట యెరోలిమ్ మామ చేతులకి నునుపెక్కి ఉన్నాయి.

తాళ్లు బిగించాక అత్త అడిగింది. "మరి మిగతాది, డాక్టరు గారూ?"

"మిగతాదేమిటమ్మా?"

"మిగతా డబ్బు."

"మొత్తం కట్టేశాను కదమ్మా. సైట్లో ఉన్న ధర." ఫోన్ తీసి చూపించాడు. నిజంగానే తికమకపడ్డాడు. "రెండువేల మూడొందల ఎనభై తొమ్మిది. ఇంత తక్కువా అని నేనూ అనుకున్నాను, కానీ పాతది కదా, మీకు వదిలించుకోవాలని ఉందేమో అనుకున్నాను."

ఆవిడ ఆయన్ని చూడలేదు. నన్ను చూసింది.

"క్రిషెవాన్, నువ్వు చెప్పరా."

"సోమవారం ఆఫీసులో కనుక్కుంటానత్తా," అన్నాను.

గాలికి ఆ పూలు కారు డోరు దగ్గరే రాలిపోయాయి. ట్రెయిలర్ వెళ్లిపోయింది. ఆవిణ్ణి టాక్సీలో ఇంటికి తెచ్చాను.

జనవరి 9, సోమవారం

వోయ్‌కో తలుపేసుకుని కూర్చోబెట్టాడు. ఫోన్ అత్తే చేసిందట, నెవెన్కాకి.

"ప్రోగ్రాం తప్పా?"

"ప్రోగ్రాం చెప్పింది చెప్పినట్టు చేసింది. పడవ 'ఇతర వస్తువులు'లో ఉంది. అక్కడున్నవన్నీ భాగించింది."

"అక్కడ ఎందుకుంది?"

"పెట్టారు."

"ఎవరు?"

"ఆవిడ ఖాతా నుంచే నమోదైంది."

వోయ్‌కో ఊపిరి పీల్చుకున్నాడు. వాడి భుజాలు దిగడం కళ్లారా చూశాను. "అయితే తప్పు విభాగంలో పెట్టింది ఆవిడ. మన షరతుల్లో ఉంది, సరైన విభాగం చూసుకునే బాధ్యత అమ్మేవాళ్లదే. ఒరేయ్, నలభై ఒక్క వేల ఆరొందల పన్నెండులో ఒక్కటి. ఒక్కటి రా! అది మన తప్పని ఒప్పుకున్నామా, రేపు ట్రాక్టర్లవాళ్లంతా గుమ్మంలో ఉంటారు. కంపెనీ మూతే. నీకు యాభై మూడేళ్లు. ఎవడిస్తాడు నీకు ఉద్యోగం?"

"డాక్టర్‌ని అడిగితే?"

"అడిగాను. తన లాయర్ మాట్లాడతాడన్నాడు. పడవకి అప్పుడే రంగు వేయిస్తున్నాడట."

బయటికొచ్చేసరికి నెవెన్కా నా మొహం వంక చూసింది. చివరి మాట అనొచ్చు. అనలేదు.

జనవరి 10

ఎవరో పడవని 'ఇతర వస్తువులు'లో పెట్టారు. మొత్తం అక్కడ మొదలైంది.

జనవరి 16

శనివారంతో కూనాల చెల్లుబాటు అయిపోయింది. సీసాలో చిల్లర లీపాలు మిగిలాయి. బ్యాంకుకి తీసుకెళ్లాలి.

ఎవరో అంటే ఎవరైనా కావచ్చు.

జనవరి 26, గురువారం

మెట్ల కింద దొరికిపోయాను. ఈ మధ్య చప్పుడు కాకుండా దిగుతున్నాను, అయినా వినపడుతుంది ఆవిడకి.

"కనుక్కున్నావురా?"

"చూస్తున్నారత్తా."

"ఏం చూస్తున్నారు? పద్దెనిమిది వేలని నువ్వే కొట్టావు. అక్కడ ఉంటుంది కదా?"

"ఉంది."

"మరి?"

"అంకె ఉంది."

"అంకె ఉంటే చాలదా?" అంది. మళ్లీ తనే, "ఆస్పత్రివాళ్లు ఫిబ్రవరి ఇరవైకి రమ్మన్నారు. ముందు సగం కట్టాలట. ఆగమని చెప్పాను. పింఛనుదార్ల సంఘంలో ఒకమ్మాయి ఉంది, కోర్టుకి ముందు మధ్యవర్తి దగ్గరికి వెళ్దామంటోంది. నువ్వు వచ్చి ఒక్క మాట చెప్తే అయిపోతుందట."

"వస్తాను," అన్నాను. రావడానికేముంది.

ఫిబ్రవరి 3, శుక్రవారం

సెయింట్ బ్లేజ్ పండగ. అత్తని టాక్సీలో చర్చికి తీసుకెళ్లాను, ఏటా యెరోలిమ్ మామ తీసుకెళ్లేవాడు. ఫాదర్ రెండు కొవ్వొత్తులు కత్తెరలా పట్టి అందరి గొంతుకీ ఆనించి దీవించాడు, గొంతు జబ్బులు రాకుండా. ఆవిడ కర్రల మీద నిలబడి గడ్డం పైకెత్తింది. "వీడికి కూడా, ఫాదర్," అంది నన్ను ముందుకి తోసి. మైనం చల్లగా తగిలింది.

నాకు సిగ్గేసింది. చర్చిలో కాదు, టాక్సీలో. ఆవిడ నా చెయ్యి పట్టుకుని దిగినప్పుడు.

ఫిబ్రవరి 6, సోమవారం

ఇవాళ కాలమ్ పెట్టాను.

ధర పక్కన, డబ్బు పేరుకి మూడక్షరాల చోటు. రెండు గంటల పని. ఎప్పుడో నెవెన్కాకి మూడు రోజుల పనని చెప్పింది రెండు గంటల్లో అయిపోయింది. 41,000 పైచిలుకు వరుసల్లోనూ ఒకటే మాట నింపాను, యూరో. ఇక దేశంలో ఉన్నదే ఒక్క డబ్బు, కాలమ్ ఉన్నా లేకున్నా ఒకటే. అవసరమున్నన్నాళ్లూ పెట్టలేదు.

పాత ధరల నకలు ఒకటి దాచాను, మార్పిడికి ముందుది. తెరిచి ఆ వరుస చూశాను. 1800000. లీపాలైతే లీపాలు, సెంట్లయితే సెంట్లు. ఎంతసేపు చూసినా దాంట్లో ఇంకేమీ లేదు. అది ఏ డబ్బో టేబుల్లో లేదు, పేజీ మీద లేదు, ఏ కాగితంలోనూ లేదు. ఆ రోజు వంటింట్లో ఇద్దరికి తెలుసు. అంతే.

ఈ నోటుబుక్కు ఎవరూ చదవరు కదా. రాస్తాను.

పడవని 'ఇతర వస్తువులు'లో పెట్టింది నేను. పడవల విభాగానికి డెబ్బై అయిదు కూనాల రుసుము, రిజిస్ట్రేషన్ కాగితాలేమో మామ రేకుపెట్టెలో ఎక్కడో ఉన్నాయి, వెతకాలంటే ఆవిడ లేవాలి. ఎందుకు లేపడం అనుకున్నాను. మంచికే చేశాను. డెబ్బై అయిదు కూనాలు మిగిల్చాను.

ఇంకోటి. డిసెంబర్ ఇరవై తొమ్మిదిన నెవెన్కా అడిగినప్పుడు, ఎవరైనా పడవని వేరేచోట పెట్టుంటే అని, నాకు లాస్టా గుర్తొచ్చింది. అప్పుడే, ఆ కాఫీ దగ్గరే. అవును, నేనే ఒకటి పెట్టాను, ఆగు, మార్చేస్తాను అంటే అయిపోయేది. ఒక్క నిమిషం పని. ఆవిడ ముందు అనబుద్ధి కాలేదు. తర్వాత మార్చొచ్చులే అనుకున్నాను. తర్వాత అర సెంటు లెక్కలో పడిపోయాను.

అర సెంటు సరిగ్గానే వచ్చింది.

మార్చి 14, మంగళవారం

మధ్యవర్తి ఒక రిటైరైన జడ్జమ్మ. పొట్టిగా, గట్టి గొంతు, బల్ల మీద దగ్గు బిళ్లల డబ్బా. ఒకవైపు డాక్టర్ లాయర్, వోయ్‌కో, నేను. ఎదురుగా ఫిలొమేనా అత్త, సంఘం అమ్మాయి. అత్త మంచి నల్లకోటు వేసుకొచ్చింది, మామ అంత్యక్రియలకి వేసుకున్నది.

దారిలో వోయ్‌కో ఒకటే అన్నాడు. "అబద్ధం చెప్పకు. డేటాబేస్‌లో ఉన్నది చెప్పు. అంతకంటే నిన్నెవడూ అడగలేడు."

జడ్జమ్మ అడిగింది. "క్రిషెవాన్ గారూ, మార్పిడికి ముందు ధర ఎంత ఉండేది?"

"పద్దెనిమిది వేలు."

"పద్దెనిమిది వేలు ఏవి?"

"టేబుల్లో అంకె మాత్రమే ఉంటుందండీ."

"కూనాలా, యూరోలా?"

"ఆ సంగతి టేబుల్లో లేదు."

లాయర్ అందుకున్నాడు. "డిసెంబరులో ఈ దేశపు డబ్బు కూనా. ఏ డబ్బో రాయనప్పుడు దేశపు డబ్బే. ఆ లెక్కన సైట్ చేసింది సరైన మార్పిడే, ఒక సెంటు కూడా తేడా లేదు."

జడ్జమ్మ అతని వంక చూసింది. "బాబూ, నీకెన్నేళ్లు?"

"ముప్పై ఎనిమిదండీ."

"ఈ ముప్పై ఎనిమిదేళ్లలో, ఈ ఊళ్లో పడవ ధర కూనాల్లో చెప్పినవాణ్ణి ఒక్కణ్ణి చూశావా?"

అతను నవ్వాడు. అందరం నవ్వాం, అత్త తప్ప.

"నాకు తెలుసు," అంది జడ్జమ్మ. "మీ అందరికీ తెలుసు. కానీ మనందరికీ తెలుసని నేను కాగితం మీద రాయలేను. ఆ అంకె వేసినప్పుడు అది ఏమిటో తెలిసినవాళ్లు, అమ్మినావిడ కాక ఇంకెవరైనా, నోరు తెరిచి చెప్పాలి."

"వాడికి తెలుసమ్మా," అంది అత్త. కోపంగా కాదు, సాయం చేస్తున్నట్టు. "వాడే కొట్టాడు, మా వంటింట్లో. మా క్రిషెవానే. నా తుంటి సంగతి కూడా చెప్పాను అప్పుడే. అడగండి వాణ్ణి."

జడ్జమ్మ నా వైపు తిరిగింది. "నిజమేనా?"

కిటికీ అవతల ఎవరో మోటారు సైకిల్ స్టార్ట్ చేస్తున్నారు. అందుకోవడంలేదు. నాలుగుసార్లు తన్నాడు. అయిదోసారి కూడా.

"ప్రకటన ఆవిడ ఖాతా నుంచి నమోదైందండీ," అన్నాను.

"నేనడిగింది అది కాదు."

"డేటాబేస్‌లో అలా ఉంది. అంతకుమించి నేను చెప్పలేను."

వోయ్‌కో బూటు నా బూటుకి తగిలింది, మెచ్చుకోలుగా. జడ్జమ్మ ఇంకాసేపు నన్నే చూసి, ఒక దగ్గు బిళ్ల నోట్లో వేసుకుని, ఏదో రాసుకుంది. డాక్టర్ తరఫున లాయర్ అయిదొందల యూరోలు ఇస్తామన్నాడు, దయతో. అత్త వద్దంది. రాజీ కుదరలేదని రాశారు. కోర్టుకి వెళ్లొచ్చు, నాలుగైదేళ్లు పడుతుంది అంది సంఘం అమ్మాయి, ఎవరికీ కాకుండా గోడకి చెప్తున్నట్టు.

లేవడానికి అత్తకి కర్ర అందించబోయాను. ఆ అమ్మాయి అందించింది.

మార్చి 15

నేను అబద్ధం చెప్పలేదు.

మార్చి 16

ఒక్క మాట కూడా అబద్ధం కాదు. డేటాబేస్‌లో అలాగే ఉంది.

మార్చి 20

నెవెన్కా మానేసింది. బల్ల ఖాళీ చేస్తూ, "కాలమ్ లేకున్నా నేను ఫోన్లు ఎత్తుతూనే ఉండేదాన్నయ్యా," అంది. "ఆ రోజు కాఫీ దగ్గర పడవ సంగతి నువ్వు నాకు చెప్పుంటే నేనే మార్చేదాన్ని. నిన్ను ఏమీ అనేదాన్ని కాదు."

ఆవిడకి ఎలా తెలిసింది? నేను చెప్పలేదే.

మార్చి 28, మంగళవారం

సాయంత్రం ఆరింటికి మెట్ల మీద చప్పుడు. కర్ర, కర్ర, కాలు. కర్ర, కర్ర, కాలు. మా అంతస్తుకి యాభై ఒక్క మెట్లు, లిఫ్టు లేదు. మొదటి మలుపు దగ్గరే గుర్తుపట్టాను. ఎదురెళ్లాలి. వెళ్లలేదు. తలుపు వెనక నిలబడి లెక్కపెట్టాను. మధ్యలో రెండుసార్లు ఆగింది. చాలాసేపు.

తలుపు తీశాను. మొహం తెల్లగా పాలిపోయి ఉంది. లోపలికొచ్చి కుర్చీలో కూలబడింది. నీళ్లిచ్చాను. తాగింది.

"ఇంకొకటి పెట్టాలిరా," అంది. "సైట్లో."

"ఏమిటత్తా?"

"శ్మశానంలో యెరోలిమ్ పక్కన నా చోటు. కాగితాలున్నాయి. ఆరువేల ఆరొందలకి పోతుందని ఫాదర్ చెప్పాడు. బయానా రెండువేల మూడొందల ఎనభై తొమ్మిది అలాగే ఉంది. రెండూ కలిపితే ఒక తుంటి వస్తుంది. పదకొండు యూరోలు తక్కువ, వాళ్లేం అడగరులే."

ఇంకా దాన్ని బయానా అనే అంటోంది.

"అత్తా, అది మామ పక్క చోటు."

"తెలుసు. ఆయన దగ్గరికి నడిచి వెళ్లలేనప్పుడు ఆయన పక్కన చోటు దాచుకుని ఏం చెయ్యను? ముందు నడవనీ. పెట్టు."

లాప్‌టాప్ తెరిచాను. విభాగం చూసుకున్నాను, రెండుసార్లు. స్థలాలు. రుసుము నా కార్డు నుంచి కట్టాను. ధర దగ్గరికొచ్చి, "ఏ డబ్బులో?" అన్నాను. ఎందుకన్నానో తెలీదు. కొత్త కాలమ్ ఖాళీగా కనబడుతోంది, చెయ్యి అక్కడ ఆగింది, నోరు అడిగేసింది.

ఆవిడ నా వంక చూసింది. తిట్టుంటే బాగుండు.

"ఇప్పుడున్నది ఒకటే కదరా," అంది.

కోటు జేబులోంచి ఒక కాగితం తీసి బల్ల మీద పెట్టింది. తన చేత్తో పెద్ద పెద్ద అక్షరాలతో రాసుకొచ్చింది, ఆరువేల ఆరు వందల యూరోలు అని, అంకెల్లో ఒకసారి, అక్షరాల్లో ఒకసారి. "దీన్ని ఉన్నదున్నట్టు ఎక్కించు. ఏదీ వదిలెయ్యకు. ఎక్కించింది నువ్వేనని కూడా రాయి."

ఫారమ్ మొత్తం చూశాను, పైనుంచి కిందిదాకా. నేను కట్టిందే. అందులో ఏముందో నాకు తెలుసు.

"దానికి చోటు లేదత్తా," అన్నాను.

"చోటెందుకురా?" అంది. "నీకు నోరుంది కదా."

కర్రలు తీసుకుని లేచింది. పట్టుకుంటానన్నాను, వద్దంది. దిగేటప్పుడు ఎక్కేటప్పటికంటే ఎక్కువసేపు పట్టింది. ముప్పై నాలుగో మెట్టు దగ్గర ఆగిపోయింది, మళ్లీ కదిలింది. కింద తలుపు పడ్డాక వచ్చి కూర్చున్నాను. ప్రకటన ఇంకా తెరిచే ఉంది. ఇచ్చినవారు అన్నచోట ఆవిడ పేరుంది.